ముప్పై రెండు పేజీల పిల్ల

ఎల్బో హార్బర్‌లో చలికాలం పొద్దున ఏడింటికి ఇంకా చీకటే. హిల్మా రౌటియో వంటింట్లో దీపం వేసి, ఓట్స్ జావ పొయ్యి మీద పెట్టి, యాలకులు వేసిన నిసు రొట్టె రెండు ముక్కలు కోసేసరికి సైమి మెట్లు దిగి వస్తుంది. వచ్చి బల్ల దగ్గర కూర్చోదు. ముందు టోస్టర్ ఎదుట వంగుతుంది. ఆ మెరిసే రేకులో ముఖం చూసుకుంటూ నోరు తెరిచి, పై వరసలో ముందుపన్నుని నాలుకతో బయటికి తోసి, వేలితో లోపలికి నొక్కుతుంది.

"ఎలా ఉంది?" అని అడుగుతుంది హిల్మా, గరిటె తిప్పుతూనే.

"ఊగుతోంది."

"నిన్నటికంటే ఎక్కువా?"

"నిన్నటంతే."

నలభై ఏళ్లుగా ఆ ఇంట్లో పొద్దున పూట ఇవే మాటలు. తర్వాత సైమి జావ తాగుతుంది, బూట్లు తొడుక్కుంటుంది, టోపీ చెవుల మీదికి లాక్కుని రోడ్డు చివర పసుపు బస్సు కోసం నిలబడుతుంది. ఈ నలభై ఏళ్లలో బస్సు డ్రైవర్లు నలుగురు రిటైరయ్యారు. కొత్తగా వచ్చే ప్రతివాడికీ పాతవాడు దారిలో గుంతలు ఎక్కడున్నాయో చెప్పి, "రౌటియో ఇంటి దగ్గర సైమి ఎక్కుతుంది, రెండో తరగతి" అని అప్పగించి వెళ్లేవాడు. ఊళ్లో దాన్ని వింతగా చెప్పుకున్నవాళ్లు లేరు. సుపీరియర్ సరస్సు గడ్డకడుతుంది, రాగి గనులు మూతపడ్డాయి, సైమి రెండో తరగతిలో ఉంది. అవి అలా ఉన్నాయంతే.

సైమి పుట్టింది పుస్తకంలో.

అప్పటికి హిల్మాకి ముప్పై నాలుగేళ్లు. పెళ్లయి, పిల్లలు కలగక, ఆ లేకపోవడం మీదే మాటా మాటా పెరిగి, భర్త డిట్రాయిట్‌లో ఉద్యోగం చూసుకుని వెళ్లిపోయి రెండేళ్లయింది. ఆమె ఊరి లైబ్రరీలో చిరిగిన పుస్తకాలకి అట్టలు అతికేది. సాయంత్రాలు అదే బల్ల మీద నీటిరంగులతో బొమ్మలు వేసుకునేది. ఒక చలికాలమంతా కూర్చుని, పన్ను ఊగుతున్న ఏడేళ్ల పిల్ల కథ ఒకటి రాసి, బొమ్మలు కూడా తానే వేసింది. ఆ పిల్ల పన్ను ఊడకుండా ఆపిల్‌ని ఒక పక్క నుంచే కొరుకుతుంది, ఒకసారి ఊడితే బాగుండునని తలుపు గొళ్లానికి దారం కడుతుంది, మళ్లీ భయపడి విప్పేస్తుంది. అదే కథ.

బొమ్మల పుస్తకానికి ముప్పై రెండు పేజీలు. పెద్ద కాగితాన్ని మడిచి కోస్తే పేజీలు ఎనిమిదేసి లెక్కన వస్తాయి కాబట్టి, కథ ఏదైనా ఆ లెక్కలో ఇమడాలి. ఇది హిల్మాకి తెలుసు. తెలుసు కాబట్టే సరిగ్గా ముప్పై రెండు బొమ్మలు వేసి, లైబ్రరీ బల్లల మీద వరసగా ఆరబెట్టి, జాగ్రత్తగా మూటగట్టి న్యూయార్క్‌కి పంపింది. అయితే పుస్తకం పేరు వేసే పేజీ, హక్కుల పేజీ, అంకితం పేజీ కూడా ఆ ముప్పై రెండులోకే వస్తాయని ఆమెకి తట్టలేదు. మొదటి పుస్తకం రాసేవాళ్లు చాలామంది చేసే పొరపాటే అది.

"మీరు మూడు పేజీలు ఎక్కువ వేశారమ్మా" అంది ఎడిటర్ మిస్ ఫ్రీలాండ్ ఫోన్‌లో. "కంగారేం లేదు. చివరి మూడూ తీసేద్దాం. పన్ను ఊగుతుండగానే ఆపేద్దాం. మిగతాది పిల్లలు ఊహించుకుంటారు."

కాదంటే పుస్తకమే రాదేమోనని హిల్మా సరేనంది. తీసేసిన మూడు బొమ్మలూ గోధుమరంగు కాగితంలో చుట్టి తిరిగొచ్చాయి. వాటిని ఇంట్లో బొమ్మలు వేసుకునే గీతలబల్ల కింది సొరుగులో పెట్టేసింది.

మరుసటి జనవరిలో, ఇంకా తెల్లవారకముందే ఫోన్ మోగింది. అవతల పది పన్నెండు మంది ఒకేసారి అరుస్తున్నారు. పిల్లల పుస్తకాలకి దేశంలోకెల్లా పెద్ద బహుమతి ఇచ్చే కమిటీవాళ్లు గెలిచినవాళ్లకి అలాగే చెబుతారు. స్పీకర్ పెట్టి, అందరూ గొంతు కలిపి. వాళ్లలో ఒకాయన గొంతు సవరించుకుని, "ముగింపుని పిల్లల చేతిలో పెట్టిన మీ ధైర్యం మాకు నచ్చింది" అన్నాడు. హిల్మా థాంక్స్ చెప్పి ఫోన్ పెట్టేసి వెనక్కి తిరిగింది. బల్ల దగ్గర ఒక పిల్ల కూర్చుని ఉంది. రెండు జడలు, మోచేతి దగ్గర అతుకు వేసిన స్వెటర్. ఆ అతుకు రంగు కలపడానికి హిల్మాకి రెండు రోజులు పట్టింది, అందుకే వెంటనే గుర్తుపట్టింది.

"పాలున్నాయా?" అని అడిగింది ఆ పిల్ల.

పాలున్నాయి.

బళ్లో చేర్చడానికి వెళితే ప్రిన్సిపాల్ టీకాల కాగితం అడిగాడు. హిల్మా పుస్తకం తెరిచి, పదకొండో పేజీలో నర్సు సైమి చేతికి సూది వేస్తున్న బొమ్మ చూపించింది. ఆయన కళ్లద్దాలు సర్ది చూసి, "ఎడమచెయ్యి" అని రాసుకున్నాడు. ఏ తరగతి అన్న ప్రశ్నే రాలేదు. మొదటి వాక్యంలోనే ఉంది, రెండో తరగతి అని.

ఆ తర్వాత హిల్మా జీవితం పరుగందుకుంది. పుస్తకం అట్ట మీద బంగారు రంగు బిళ్ల అతికారు. ఓహాయో, నెబ్రాస్కా, ఎక్కడెక్కడి బళ్లకో పిలిచారు. వ్యాయామశాలల్లో చెక్క నేల మీద బాసీపట్లు వేసుకుని కూర్చున్న వందల మంది పిల్లలకి ఆమె అదే కథ చదివేది. చదవడం అయ్యాక ఎక్కడైనా అవే ప్రశ్నలు. నీ వయసెంత? నీకు కుక్క ఉందా? నీకు బోలెడు డబ్బుందా? చివరికి ఎవరో ఒకరు లేచి, "ఇంతకీ పన్ను ఊడిందా?" అనేవారు.

"నువ్వేమనుకుంటున్నావు?" అనేది హిల్మా నవ్వుతూ.

టీచర్లు మెచ్చుకోలుగా తలలాడించేవారు. ఆ ఒక్క ప్రశ్న మీద కాలేజీల్లో పాఠాలు చెప్పారు. వేదికల మీద ఆమె కూడా, ముగింపు పిల్లలది, నాది కాదు అని చెప్పడం అలవాటు చేసుకుంది. ఎన్నోసార్లు చెప్పాక అది నిజంలాగే వినిపించేది.

ఇంకా పదకొండు పుస్తకాలు రాసింది. ఒకదాంట్లో తాబేలు పిల్లాడు, ఒకదాంట్లో కవలలు, ఒకదాంట్లో పొగగొట్టాలు తుడిచేవాడి కూతురు. కొన్ని అమ్ముడయ్యాయి, కొన్ని కాలేదు. ప్రతి పుస్తకం విడుదలైన రోజు పొద్దున ఆమె బల్ల మీద ఇంకొక గిన్నె పెట్టి, పాలు కాచి ఎదురుచూసేది. ఎవరూ రాలేదు. సైమి ఆ రెండో గిన్నెలో జావ కూడా తానే తినేసి బడికి పోయేది.

మొదట్లో సైమి ఆమెని హిల్మా అని పిలిచేది. ఆమె జుట్టు నెరిశాక ఎప్పుడో "ముమ్ము" అనడం మొదలుపెట్టింది. ఫిన్లాండ్ నుంచి వచ్చిన వాళ్ల ఇళ్లల్లో అమ్మమ్మని అలాగే పిలుస్తారు. ఆ రెండు పిలుపుల మధ్య ఇంకో పిలుపు ఉండాల్సింది. అది ఏ సంవత్సరంలో జారిపోయిందో హిల్మా అప్పుడప్పుడు గిన్నెలు కడుగుతూ వెతుక్కునేది.

*

పుస్తకానికి నలభై ఏళ్లు నిండబోతున్న జనవరిలో న్యూయార్క్ నుంచి ఫోన్ వచ్చింది. సైమి తీసి, "ముమ్ము, నీకే" అని అందించింది.

మిస్ ఫ్రీలాండ్ పోయి చాలా కాలమైంది. ఇప్పుడు ఆమె కుర్చీలో టెస్ మార్గోలిన్ అనే చురుకైన అమ్మాయి ఉంది. ఫోన్‌లో కూడా చేతులు తిప్పుతున్నట్టే మాట్లాడుతుంది.

"పెద్ద ఎడిషన్ వేస్తున్నామండీ! మంచి కాగితం, గుడ్డ అట్ట. ముప్పై రెండు కాదు, ఈసారి నలభై పేజీలు. అంటే మీకు ఎనిమిది పేజీలు మిగులుతాయి. అప్పట్లో వాడని బొమ్మలేమైనా ఉన్నాయా మీ దగ్గర?"

హిల్మా చూపు గీతలబల్ల కింది సొరుగు మీదికి పోయింది.

"ఏమీ లేవు" అంది.

"ఒక్కటి కూడా లేదా? వెతికి చూడండి, ప్లీజ్. మార్చి మొదటి వారం దాకా టైముంది."

ఫోన్ పెట్టేసేసరికి సైమి బల్ల దగ్గర కూర్చుని రొట్టె మీద వెన్న రాస్తోంది. అంచుల దాకా, మూలల దాకా, చాలా శ్రద్ధగా రాస్తోంది.

"ఎనిమిది పేజీలంటే చాలా ఎక్కువ కదూ?" అంది.

"విన్నావా?"

"ఆవిడ గట్టిగా మాట్లాడుతుంది."

అంతకుమించి సైమి ఏమీ అడగలేదు. అడిగి ఉంటే హిల్మాకి కొంచెం తేలికగా ఉండేది.

ఆ శనివారం సాయంత్రం రాబిన్ బుషే సానాకి, ఆవిరి స్నానానికి, వచ్చింది. హిల్మా పెరట్లోని చెక్క సానా గదిలో రాళ్లు వేడెక్కించిన రోజు ఇరుగుపొరుగు ఆడవాళ్లు ఎవరో ఒకరు వస్తారు. అక్కడ గొంతు పెంచకూడదని వాళ్ల పద్ధతి. ఆ ఆవిరిలో పోట్లాడితే వారమంతా కలిసిరాదని పెద్దవాళ్లు అనేవారు. అందుకని కోపంగా చెప్పాల్సిన మాటల్ని కూడా అక్కడ మెల్లగా చెబుతారు. అవి ఇంకా గట్టిగా తగులుతాయి.

రాబిన్ రెండో తరగతి టీచరు. అంతకుముందు, సైమి వచ్చిన మొదటి ఏడాది, ఆ తరగతిలోనే కిటికీ పక్కన సైమి పక్క కుర్చీలో కూర్చున్న పిల్ల. ఇప్పుడు క్లాసులో సైమి ఆమెని మిసెస్ బుషే అంటుంది, బయట రాబిన్ అంటుంది. ఇద్దరికీ అందులో ఇబ్బందేమీ లేదు.

"అది నాకు చెప్పింది, ఎనిమిది పేజీల సంగతి" అంది రాబిన్, పై బెంచీ మీద మోకాళ్లు దగ్గరికి లాక్కుంటూ.

"దాని నోట్లో నువ్వుగింజ నానదు."

"ఊగే పన్నుతో ఏం నానుతుంది?" రాబిన్ నవ్వింది. తర్వాత నవ్వు ఆపేసింది. "ఆ మూడు బొమ్మలూ మీ దగ్గరే ఉన్నాయి కదా?"

"ఏ మూడు?"

"హిల్మా, మీరు వాటిని లైబ్రరీలో ఆరబెట్టారు. ఊరంతా చూసింది. మా అమ్మ ఒకదాని మీద కాఫీ ఒలకబోయబోయి ఆగింది. చూడనిది సైమి ఒక్కతే."

హిల్మా గరిటెడు నీళ్లు తీసి రాళ్ల మీద పోసింది. బుస్సుమని ఆవిరి లేచి, ఇద్దరి ముఖాలూ కనబడకుండా పోయాయి. రాబిన్ ఆవిరి తగ్గేదాకా ఆగింది.

"మూడో తరగతిలో రికార్డర్లు ఇస్తారు కదా, ఆ ప్లాస్టిక్ పిల్లనగ్రోవులు. మేమిద్దరం పై అంతస్తుకి వెళ్లాక కలిసి వాయిద్దామనుకున్నాం. ఆ సెప్టెంబర్లో నేను మెట్లెక్కాను. అది కింద నిలబడి చూసింది. చెయ్యి ఊపింది కూడా. నా కూతురి పక్కన కూర్చుంది, దానికి కూడా చెయ్యి ఊపింది. నా కూతురు ఇప్పుడు మిల్వాకీలో నర్సు. నా గోడ మీద పళ్ల చార్టు ఉంది, ఏ నెలలో ఎవరి పన్ను ఊడిందో రాస్తాం. ప్రతి ఏడూ ఆఖరికి ఒక్క పేరే మిగిలిపోతుంది. రాయకుండానే దించేస్తాను." ఆమె గొంతు తగ్గించే మాట్లాడుతోంది. "అది ఎప్పుడూ ఏడవలేదు. ఏడిస్తే నేను మిమ్మల్ని ఇంత సతాయించేదాన్ని కాదు."

"నేను ఒంటరిదాన్నైపోతాను, రాబిన్."

"తెలుసు."

"అది పైకెళితే తర్వాత నాలుగో తరగతి. తర్వాత పెద్దబడి. తర్వాత మిల్వాకీ."

"తెలుసు" అంది రాబిన్ మళ్లీ. "మాకందరికీ అంతే."

*

ప్రతి ఫిబ్రవరిలో చదువుల వారం వస్తుంది. ఆ వారం హిల్మా ఊరి బళ్లో రెండో తరగతికి తన పుస్తకం చదివి వినిపిస్తుంది. ఆ ఏడు కూడా వెళ్లింది. తివాచీ మీద పద్దెనిమిది మంది పిల్లలు. సైమి మాత్రం కిటికీ పక్కన తన కుర్చీలో. కథ తనకి తెలిసిందే కదా, తివాచీ మీద కూర్చుంటే మిగతావాళ్లకి అడ్డమని ఎప్పుడో అనుకుంది, అప్పటి నుంచీ అలవాటైపోయింది.

హిల్మా చదివింది. ఆపిల్ వచ్చింది, దారం వచ్చింది, గొళ్లెం వచ్చింది. సైమి పెదవులు ఆమెతో పాటే కదులుతున్నాయి. చివరి పేజీలో పిల్ల అద్దం ముందు నోరు తెరిచి నిలబడుతుంది, పన్ను ఊగుతుంది, అయిపోతుంది.

ముందు వరసలో వెస్లీ అనే పిల్లాడు చెయ్యెత్తాడు. వాడికి ముందుపళ్లు రెండూ లేవు.

"నీకు కుక్క ఉందా?"

"లేదు."

"మాకుంది. అయితే పన్ను ఊడిందా?"

"నువ్వేమనుకుంటున్నావు?" అంది హిల్మా.

"ఊడింది! రక్తం వచ్చింది! బోలెడు!"

"మింగేసింది!" అంది ఇంకో పిల్ల. "మా అన్న మింగేశాడు, మళ్లీ రెండ్రోజులు..."

"చాలు, చాలు" అంది రాబిన్.

అందరూ నవ్వుతున్నారు. ఆ నవ్వుల వెనక, కిటికీ పక్కన, సైమి చెయ్యెత్తింది. నలభై ఏళ్లలో ఆ పిల్ల ఆ చదువులో చెయ్యెత్తడం అదే మొదటిసారి. రాబిన్ చేతిలో సుద్దముక్క ఆగిపోయింది.

"చెప్పు, సైమి" అంది హిల్మా.

"నేనేమీ అనుకోవట్లేదు ముమ్ము" అంది సైమి. "అనుకుని అనుకుని అయిపోయింది. నువ్వే చెప్పు."

అప్పుడే పైకప్పు మీద కుర్చీలు జరిగిన చప్పుడైంది. పై అంతస్తులో మూడో తరగతివాళ్లు రికార్డర్లు ఎత్తారు. ముప్పై గొట్టాలు ఒక్కసారిగా కీచుమన్నాయి. ఏ పాటో ఎవరికీ తెలియదు, వాళ్లకి కూడా తెలియదేమో. రెండో తరగతి పిల్లలు చెవులు మూసుకుని ఇకిలించారు. సైమి మూసుకోలేదు. తల పైకెత్తి, కళ్లు సగం మూసి, నోరు కొంచెం తెరిచి విన్నది. ఒడిలో ఉన్న చేతివేళ్లు ఒకదాని తర్వాత ఒకటి లేస్తూ దిగుతున్నాయి. ఏ రంధ్రం మూస్తే ఏ స్వరమో కింద కూర్చునే నేర్చేసుకుంది.

హిల్మా పుస్తకం మూసింది. పిల్లలందరూ ఆమె కూడా చెవులు నొప్పెట్టి ఊరుకుందనుకున్నారు.

ఇంటికి వచ్చి కోటు కూడా విప్పకుండా సొరుగు లాగింది. గోధుమ కాగితం పొడిగా చిటపటమంది. మొదటి బొమ్మలో పిల్ల నిసు రొట్టె కొరుకుతోంది, తెల్లటి ముక్క ఒకటి రొట్టెలో దిగబడి ఉంది. రెండో బొమ్మలో పళ్ల చార్టు, దాని ముందు మునివేళ్ల మీద నిలబడిన పిల్ల. మూడోది చూడటానికి కొంచెంసేపు పట్టింది. బడి మెట్లు. పిల్ల పైకెక్కుతోంది. వెనక నుంచి వేసిన బొమ్మ. జడలు రెండూ ఊగుతున్నాయి, ఒక బూటు గాల్లో ఉంది. ముఖం కనబడదు.

ముఖం ఎందుకు వెయ్యలేదో హిల్మాకి గుర్తులేదు. ముప్పై నాలుగేళ్లప్పుడు, పోగొట్టుకోవడానికి ఇంకా ఎవరూ లేనప్పుడు, ఎంత తేలికగా వేసేసింది! తడి ఆరకముందే ఇంకో రంగు మీదికి పోయి ఉంటుంది.

ఆ సాయంత్రమే న్యూయార్క్‌కి ఫోన్ చేసింది.

"మూడు బొమ్మలున్నాయి" అంది. "వాటిని తిరిగి చేర్చాలి. కథలోనే, చివర్లోనే."

"హిల్మా గారూ, ఆ ముగింపు..." అంది టెస్. "అంటే, ఆ ముగింపే కదా పుస్తకం. దానికే కదా బహుమతి వచ్చింది. నేను కాలేజీలో దాని మీద పరీక్ష రాశాను తెలుసా? పాస్ కూడా అయ్యాను."

"అది ముగింపు కాదమ్మా. లెక్క తప్పింది. పేరు పేజీని మర్చిపోయాను."

"ఏంటీ?"

"పేరు, హక్కులు, అంకితం. మూడు. ముప్పై రెండులోంచి మూడు పోతే ఇరవై తొమ్మిదే కదా మిగిలేది. నేను ముప్పై రెండూ వేశాను."

అవతల పెద్ద నిట్టూర్పు, తర్వాత ఆపుకోలేని నవ్వు. "మా వాళ్లు నన్ను చంపేస్తారు" అంది టెస్. "పంపండి. ఎనిమిదిలో మూడు పోయినా ఇంకా అయిదు మిగులుతాయి. వాటిని ఏం చెయ్యమంటారు?"

హిల్మా ఆలోచించింది. "ఖాళీగా వదిలెయ్యి" అంది.

*

కొత్త పుస్తకాల పెట్టె మేలో వచ్చింది. సరస్సు మీద ఆఖరి గడ్డలు కరిగి, రోడ్డు పక్క బురద ఎండుతున్న రోజులు. హిల్మా కత్తెరతో టేపు కోసి, పైపుస్తకం తీసి బల్ల మీద పెట్టింది. సైమి అప్పుడే రొట్టెకి వెన్న రాసుకుంటోంది.

"చూస్తావా?"

"తిన్నాక చూస్తాను" అంది సైమి. కానీ చెయ్యి ఆగలేదు. ఎడమచేత్తో పేజీలు తిప్పుతూ, కుడిచేత్తో రొట్టె పట్టుకుని, తనకి కంఠతా వచ్చిన కథని మళ్లీ మొదటి నుంచీ చదివింది. అద్దం పేజీ వచ్చింది. ప్రతిసారీ అక్కడ ఆగే వేలు ఈసారి ఆగి, తర్వాత కాగితం అంచు కిందికి దూరింది. తిప్పింది.

చూస్తూ రొట్టె కొరికింది.

చప్పుడేమీ కాలేదు. సైమి నమలడం ఆపి, రొట్టెముక్కని నోటి దగ్గర నుంచి దూరంగా పట్టుకుని చూసింది. వెన్నలో, ఒక యాలకగింజ పక్కన, బియ్యపుగింజ కంటే కొంచెం పెద్ద పన్ను.

"ముమ్ము" అంది. గాలి కొత్త సందులోంచి పోయింది. ఆ పిల్ల తుళ్లిపడి, మళ్లీ కావాలనే "ముమ్ము, ముమ్ము" అని, ఆ గాలిని నాలుకతో పట్టుకుని నవ్వింది.

హిల్మా వంగి చూసింది. నలభై ఏళ్లుగా నిన్నటంతే అన్న చోట ఇప్పుడు చిన్న ఎర్రటి గుంట ఉంది. ఆ గుంట మధ్యలో, చూస్తుండగానే కాదు గాని, చూస్తే తెలిసేటట్టు, తెల్లటి కొత్త అంచు ఒకటి తొంగిచూస్తోంది.

"నొప్పిగా ఉందా?"

"లేదు. నీకు?"

"కొంచెం" అంది హిల్మా.

రాబిన్ పళ్ల చార్టు మీద మే నెల గడిలో సైమి పేరు రాసింది. అక్షరాలు వంకరగా పడ్డాయి. ఆమె చెరిపి మళ్లీ రాయలేదు. జూన్ వచ్చేసరికి సైమి బూట్లు బిగుతయ్యాయి. ఆగస్టులో అతుకు వేసిన స్వెటర్ చేతులు మణికట్టు పైకి పోయాయి. హిల్మా సాగదీసి, ఉతికి, మళ్లీ సాగదీసి, చివరికి దాన్ని మడిచి గీతలబల్ల సొరుగులో పెట్టింది. సొరుగు ఖాళీగానే ఉంది కదా.

సెప్టెంబర్లో బస్సు డ్రైవర్ ఎప్పట్లాగే "రెండో తరగతి" అన్నాడు. "మూడు" అంది సైమి, మెట్టు మీదే ఆగి, ముగ్గురు పిల్లలు వెనక నుంచి తోస్తున్నా. "మూడు" అని ఆయన ఒప్పుకునేదాకా కదల్లేదు.

రికార్డర్ ఇంటికి వచ్చింది. దాంతో పాటు ఇంట్లో నిశ్శబ్దం కొంతకాలం పోయింది. తర్వాత మెల్లగా తిరిగొచ్చింది. గురువారాలు సైమి స్నేహితురాలింటికి పోతుంది. శనివారం సానాకి వస్తానంటుంది, ఒక్కోసారి వస్తుంది. పొద్దున టోస్టర్ ముందు వంగడం మానేసింది. జావ పూర్తిగా తాగకుండానే సంచీ భుజాన వేసుకుని, "ముమ్ము, ఆలస్యమైపోయింది" అని తలుపు తీసేస్తుంది. ఆ తలుపు పడిన తర్వాత కూడా హిల్మా గరిటె పట్టుకుని అలాగే నిలబడి, "ఎలా ఉంది?" అని అడగడానికి నోటిదాకా వచ్చిన మాటని జావతో పాటే తిప్పుతూ ఉంటుంది.

మళ్లీ ఫిబ్రవరి వచ్చింది. చదువుల వారం. రెండో తరగతిలో కిటికీ పక్క కుర్చీలో, కళ్లకి అడ్డంగా జుట్టు పడే ఒక కొత్త కుర్రాడు కూర్చున్నాడు. హిల్మా కొత్త పుస్తకం చదివింది. ఆపిల్ వచ్చింది, దారం వచ్చింది, గొళ్లెం వచ్చింది. అద్దం వచ్చింది. ఆ తర్వాత రొట్టె, చార్టు, మెట్లు. తర్వాత అయిదు తెల్ల పేజీలు. ఆమె వాటిని కూడా ఒక్కొక్కటే తిప్పింది. పిల్లలు ప్రతి తెల్ల పేజీకీ మెడలు చాచి చూశారు.

ఎవరూ కుక్క గురించి అడగలేదు. కిటికీ పక్క కుర్రాడు జుట్టు పక్కకి తోసుకుని చెయ్యెత్తాడు.

"మెట్లెక్కింది కదా. తర్వాత ఏమైంది?"

నువ్వేమనుకుంటున్నావు అన్న మాట హిల్మా నాలుక చివరికి అలవాటుగా వచ్చేసింది. అప్పుడు పైకప్పు మీద కుర్చీలు జరిగాయి. రికార్డర్లు లేచాయి. కీచుమనే ఆ గోలలో ఒకటి మాత్రం మిగతావాటికంటే కొంచెం ముందు పరిగెత్తుతోంది, వేళ్లు ముందే నేర్చుకున్నవి కాబట్టి. తప్పు స్వరం పడింది. ఆగింది. ఎవరో నవ్వారు. మళ్లీ మొదటి నుంచి ఎత్తుకుంది.

హిల్మా తల పైకెత్తి, ఆ ఒక్కదాన్నే వింటూ కూర్చుంది.

"తెలీదు, నాన్నా" అంది.